భయానక హాస్య సాంకర్యం: స్వతంత్ర చలనచిత్రోత్సవ లఘుచిత్రాలు – ఒక నైతిక పరిశీలన

శవాన్ని చూపి నవ్వించే చిత్రానికి ప్రేక్షకుడు నవ్విన తరువాత ఆ నవ్వు అతనికి వెంటనే సుఖాన్నివ్వదు. నవ్వవచ్చునా అన్న శంక నవ్వుతోబాటే పుడుతుంది. భయానకాన్ని, హాస్యాన్ని ఒకే పాత్రలో కలిపి వడ్డించే లఘుచిత్రాలు గత మూడు దశాబ్దాలలో స్వతంత్ర చలనచిత్రోత్సవాలకు విస్తారంగా వెళుతున్నాయి. అటువంటి చిత్రాలకోసమే ప్రత్యేక విభాగాలు ఏర్పరచిన ఉత్సవాలూ ఉన్నాయి. వీటి గురించి జరిగే చర్చ సాధారణంగా రెండు మాటల దగ్గర ఆగిపోతుంది. కళకు హద్దులుండవని ఒక పక్షం, ఇది సభ్యత కాదని మరొక పక్షం. మొదటి పక్షం ప్రశ్నను అడగనివ్వదు. రెండవది అడగకముందే తీర్పు చెబుతుంది. ఘోరమైన దానిని చూచి నవ్వడం దోషమా, దోషమైతే అది ఎవరిది? తీసినవానిదా, ఎంపిక చేసినవానిదా, నవ్వినవానిదా? ఈ వ్యాసం పరిశీలించదలచినది ఈ ప్రశ్ననే.

వ్యాపార చిత్రాన్ని విడిచి ఉత్సవానికి సమర్పించిన లఘుచిత్రాన్ని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. వ్యాపార చిత్రంలో బాధ్యత నిర్మాత, పంపిణీదారు, సెన్సారు, ప్రకటనల మధ్య చెదిరిపోతుంది. ఉత్సవంలో ముగ్గురి క్రియలూ విడివిడిగా కనిపిస్తాయి. దర్శకుడు దరఖాస్తు నింపి, రుసుము చెల్లించి, తన చిత్రం ఏ కోవకు చెందినదో తానే ప్రకటించి పంపుతాడు. ఎంపిక సంఘం చూచి తీసుకుంటుంది, లేదా తిప్పి పంపుతుంది. ప్రేక్షకుడు విభాగం పేరు చదివి, తెలిసే లోపలికి వస్తాడు. ముగ్గురూ బుద్ధిపూర్వకంగా చేసే పనులు కనుక నైతిక విచారణకు ఇవి అనువైనవి.

విరోధి రసాలు

భారతీయ అలంకారశాస్త్రం ఈ సాంకర్యాన్ని ఎరుగనిది కాదు. భరతుడు ఎనిమిది రసాలు చెప్పి, వాటిలో శృంగార రౌద్ర వీర బీభత్సాలను మూలాలుగా గ్రహించాడు. శృంగారం నుండి హాస్యం, బీభత్సం నుండి భయానకం పుడతాయన్నాడు. ఈ వంశక్రమంలో హాస్య భయానకాలకు బంధుత్వం లేదు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఇంకొంచెం స్పష్టంగా, హాస్యానికి భయానక కరుణలు విరోధులని పేర్కొన్నాడు. ఈ లెక్కన భయానక హాస్య లఘుచిత్రం విరోధులిద్దరినీ ఒకే పీటపై కూర్చోబెట్టే ప్రయత్నం.

అయితే రసవిరోధం నైతిక దోషం కాదు. అది ఆస్వాదానికి కలిగే విఘ్నం. ఆ విఘ్నాన్ని తొలగించే ఉపాయాలను ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో చెప్పాడు. విరోధి రసాలకు వేర్వేరు ఆశ్రయాలను కల్పించడం, నడుమ మరొక రసాన్ని నిలపడం, ఒకదానిని మరొకదానికి అంగం చేయడం వాటిలో ముఖ్యమైనవి. వీరం నాయకుడిలోనూ భయం ప్రతినాయకుడిలోనూ ఉంటే విరోధం లేదు, పైగా పరిపోషం ఉంది. తెలుగులో విజయవంతమైన భయానక హాస్య వ్యాపార చిత్రాలు చాలావరకు తెలిసో తెలియకో రెండవ ఉపాయాన్నే పాటించాయి. నవ్వు ఒక ఘట్టంలో, దయ్యం మరొక ఘట్టంలో, మధ్య ఒక పాటో ప్రేమ సన్నివేశమో ఉంటుంది. లఘుచిత్రానికి అంత వ్యవధి లేదు. ఆస్కారు నియమావళి ప్రకారం లఘుచిత్రం నిడివి 40 నిమిషాలకు మించరాదు. ఉత్సవాలకు వచ్చేవాటిలో పది పన్నెండు నిమిషాల చిత్రాలు తక్కువేమీ కాదు. రసాంతర వ్యవధానానికి చోటులేని ఈ రూపంలో మిగిలే ప్రధానోపాయం ఆశ్రయభేదం. భయం ఎవరిలో ఉంది, నవ్వు ఎవరిపై ఉంది అన్నదే దాని సారం. కావ్యశాస్త్రంలో ఉపాయంగా చెప్పబడిన ఈ ఆశ్రయభేదమే నీతి విచారణలో ప్రమాణం కాగలదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

తిక్కన కీచకవధ ఘట్టం దీనికి తెలుగులో శ్రేష్ఠమైన ఉదాహరణ. చీకటి నిండిన నర్తనశాలకు కీచకుడు అలంకరించుకొని వస్తాడు. తన సౌందర్యాన్ని తానే మెచ్చుకుంటాడు. సైరంధ్రి అనుకొని చేయి వేసిన చోట భీముడున్నాడు. పాఠకుడికి తెలిసినది కీచకుడికి తెలియదు. ఆ క్షణం వరకు అది శృంగారాభాసం, కనుక హాస్యం. రసాభాసాలన్నీ హాస్యానికి దారితీయగలవని అభినవగుప్తుడు అన్న మాటకు ఇంతకంటె మంచి లక్ష్యం దొరకదు. ఆ మరుక్షణమే పోరు మొదలవుతుంది. చివరకు కాళ్లు చేతులు తల మొండెంలోకి అణగద్రొక్కబడిన మాంసపు ముద్ద మిగులుతుంది. చూడవచ్చినవారు అది మనిషి శరీరమా అని విస్తుపోతారు. హాస్యం, బీభత్సం, భయానకం ఇంత దగ్గరగా ఉన్నా పాఠకుడికి తాను చేయరాని పని చేశానన్న శంక కలగదు. ఎందుకు? విరాటుని కొలువులో ద్రౌపదికి జరిగిన పరాభవం దానికి ముందు ఉంది. ఆ సభలో నోరెత్తనివారి మౌనం ఉంది. నర్తనశాలలో నవ్వు పీడితురాలి పక్షాన నిలిచిన నవ్వు, భయం పీడకునిలో నాటుకొన్న భయం. ఆశ్రయాలు తారుమారై, అదే చీకటిలో సైరంధ్రి ఉండి కీచకుని చమత్కారానికి పాఠకుడు నవ్వవలసి వస్తే, పద్యశిల్పం ఎంత గొప్పదైనా ఘట్టం నిలవదు.

ఇక్కడ భరతుని మాట ఒకటి అడ్డు తగులుతుంది. భయం స్త్రీలలోను నీచ ప్రకృతులలోను పుడుతుందని అతడు అన్నాడు. హాస్యం కూడా ప్రాయికంగా వారిలోనే కనిపిస్తుందన్నాడు. ఉత్తములు చిరునవ్వు నవ్వుతారు, అధములు అపహసిత అతిహసితాలకు దిగుతారు. అంటే శాస్త్రమే ఆశ్రయాన్ని సామాజిక స్థానంతో ముడివేసింది. భయపడేవారు, నవ్వులపాలయ్యేవారు ఒకే వరుసలోనివారు. ఈ వర్గీకరణను రంగ సంప్రదాయానికి సంబంధించిన వివరణ మాత్రమేనని సమర్థించేవారున్నారు. ఆ సమర్థన సరిపోదు. ఎవరు భయపడితే సహజమనిపిస్తుందో, ఎవరిని చూచి నవ్వడం సులువో అన్న అలవాటు నేటి కెమెరాకు కూడా సంక్రమించింది. ఒంటరి వృద్ధురాలు, వితంతువు, పనిమనిషి, అంగవైకల్యం గల వ్యక్తి భయానక చిత్రాలలో దయ్యాలుగానో బలిపశువులుగానో పదేపదే రావడం యాదృచ్ఛికం కాదు.

నొప్పి లేని నవ్వు, నొప్పి ఉన్న నవ్వు

పాశ్చాత్య విచారంలో హాస్యానికి నొప్పికి మధ్య గీత గీసిన మొదటివాడు అరిస్టాటిల్. హాస్యాస్పదమైనది ఒక లోపమో వికృతియో కావచ్చును గాని అది నొప్పిని, వినాశాన్ని కలిగించరాదని కావ్యశాస్త్రంలో అన్నాడు. హాస్య నటుని ముఖతొడుగు వికారంగా ఉంటుంది, కాని నొప్పిని చూపదు. 1900లో ప్రకటించిన నవ్వుపై గ్రంథంలో బెర్గ్‌సన్ ఇంకొక అడుగు వేసి, నవ్వాలంటే హృదయం కొంతసేపు మొద్దుబారాలన్నాడు. ఇద్దరి మాటలనూ అంగీకరిస్తే కాటుక హాస్యం – బ్లాక్ కామెడీకి ఆ పేరు పొసగుతుంది – సంభవించనే కూడదు, సంభవిస్తే అది హృదయం మొద్దుబారినందుకు నిదర్శనం కావాలి. నోయెల్ కేరల్ 1999లో భయానక హాస్యాల సంబంధంపై రాసిన వ్యాసంలో రెండింటికీ మూలం ఒకటేనని, వర్గాలను అతిక్రమించే వికృతి రెండింటిలోనూ ఉంటుందని, దానికి ప్రమాదం జోడిస్తే భయం, ప్రమాదాన్ని తీసివేస్తే నవ్వు కలుగుతాయని వాదించాడు. ఒకే రాక్షసాకారం ఒకచోట భయపెట్టి మరొకచోట నవ్వించడాన్ని ఈ వాదం చక్కగా వివరిస్తుంది. ప్రమాదం పోకుండానే నవ్వు వచ్చే సందర్భాన్ని అంత చక్కగా వివరించదు. కాటుక హాస్యానికి ప్రాణం ఆ సందర్భమే.

మార్టిన్ మెక్‌డొనా తీసిన సిక్స్ షూటర్ (2004) ఆ సందర్భానికి మంచి ఉదాహరణ. సుమారు 27 నిమిషాల ఈ ఐరిష్ చిత్రం 2006లో ఉత్తమ లఘుచిత్రంగా ఆస్కారు పొందింది. ఆ ఉదయమే భార్యను పోగొట్టుకున్న డొనెల్లీ రైలెక్కుతాడు. ఎదుట నోటికి అదుపులేని యువకుడు. పక్కన, నిద్రలోనే పసిబిడ్డను పోగొట్టుకున్న దంపతులు. యువకుడు ఆ దంపతులను మాటలతో హింసిస్తాడు. ఆ మాటలలో చమత్కారం ఉంది, ప్రేక్షకుడు నవ్వుతాడు. తల్లి నడుస్తున్న రైలు నుండి దూకేస్తుంది. అప్పటివరకు నవ్విన నవ్వు ప్రేక్షకుని గొంతులో మిగిలిపోతుంది. తరువాత యువకుడు తన బాల్యంలో గ్యాసుతో ఉబ్బి పేలిపోయిన ఆవు కథను, తన జీవితంలో అత్యంత ఆనందదాయకమైన రోజు అదేనన్నట్లు చెబుతాడు. ఆ కథకు కూడా నవ్వు వస్తుంది. ఆ యువకుడే తన తల్లిని చంపి వస్తున్నాడని తరువాత తెలుస్తుంది. చివర డొనెల్లీ ఇంటికి వెళ్లి, మిగిలిన రెండు గుండ్లలో ఒకటి కుందేలుకు, రెండవది తనకు అనుకుంటాడు. కుందేలు చస్తుంది. తుపాకి చేజారి రెండవ గుండు వృథాగా పేలిపోతుంది. చావుకూడా సరిగ్గా కుదరని ఆ మనిషిని చూచి వచ్చే నవ్వులో ఆశ్చర్యంగా తిరస్కారం ఉండదు.

ఈ చిత్రంలో ప్రమాదం ఎక్కడా తొలగలేదు. బిడ్డ నిజంగానే పోయింది, తల్లి నిజంగానే దూకింది. నవ్వు మాత్రం వస్తూనే ఉంది. బెర్గ్‌సన్ చెప్పిన మొద్దుబారడం ఇక్కడ జరగకపోగా, నవ్విన ప్రతిసారి దాని ఖరీదు చిత్రం వసూలు చేస్తుంది. యువకుని చమత్కారానికి నవ్వినవాడు, తల్లి దూకినప్పుడు ఆ నవ్వులో తన వాటాను గుర్తిస్తాడు. దుఃఖానికి ఆశ్రయమైన దంపతులు చిత్రానికి హాస్య వస్తువు కాదు. వారిని హాస్య వస్తువుగా చూచిన దృష్టి, అనగా యువకుని దృష్టి, దానితో ఏకీభవించిన ప్రేక్షకుని దృష్టి మాత్రమే పరీక్షకు గురవుతుంది. చనిపోయిన తల్లిని హాస్యానికి వాడుకోవడం దోషమన్న అభ్యంతరానికి సమాధానం కూడా ఇక్కడే ఉంది. వాడుకోవడం జరిగింది. ఆ వాడకాన్ని చిత్రం దాచలేదు, ప్రేక్షకుని చేత ఒప్పించింది.

కన్యాశుల్కంలో గురజాడ మరొక మార్గం తొక్కాడు. పసిపిల్లను ముసలివానికి అమ్మడం ఆ నాటకానికి వస్తువు. అంత ఘోరమైన వస్తువు చుట్టూ తెలుగు సాహిత్యంలోకెల్లా గొప్ప హాస్యం అల్లుకుంది. సుబ్బిని నిజంగా లుబ్ధావధానుల ఇంటికి పంపి ఉంటే ఆ హాస్యం ఒక్క అంకం కూడా నడవదు. కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి, అతనిని సుబ్బి స్థానంలో నిలిపాడు. ఆ క్షణం నుండి బేరం, పెళ్లి, రభస అన్నింటికీ నవ్వవచ్చును. బాధను పొందవలసిన ఆశ్రయం తొలగి, ఆ చోట వేషం నిలిచింది. ఈ మార్పిడి కథాసౌకర్యంగా మాత్రమే పరిగణింపబడుతూ వచ్చింది. నిజానికి ఇది ఒక నైతిక నిర్ణయం. పసిపిల్ల బాధను ముందుపెట్టి నవ్వించడానికి గురజాడ ఒప్పుకోలేదు, ఆ బాధకు కారణమైన వ్యవస్థను నవ్వులపాలు చేయడం మానలేదు. బుచ్చమ్మ వైధవ్యం విషయంలో అతడు ఇంతే జాగ్రత్త చూపాడా అన్నది వేరుగా చర్చించవలసిన విషయం.

ఉత్సవ సభ, ప్రాశ్నికులు

సన్‌డాన్స్ ఉత్సవం తిరస్కరించిన కొందరు దర్శకులు 1995లో యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీలో, అదే ఊళ్లో అదే వారంలో, స్లామ్‌డాన్స్ అనే ఉత్సవాన్ని ప్రారంభించారు. దర్శకుల చేత, దర్శకుల కొరకు నడిచే ఉత్సవంగా అది చెప్పుకుంటుంది. మొదటి నుండి విలక్షణ లఘుచిత్రాలకు ఆదరణ చూపింది. అనార్కీ పేరుతో ఒక లఘుచిత్ర విభాగాన్ని కూడా నడిపింది. అతిస్వల్ప వ్యయంతో తీసిన పారానార్మల్ యాక్టివిటీ 2008లో అక్కడ ప్రదర్శితమైంది. 2025 నుండి ఉత్సవం లాస్ ఏంజెలెస్‌కు తరలింది. తిరస్కృతులు స్థాపించిన సభ మళ్లీ ఎవరిని తిరస్కరించాలన్న ప్రశ్నను ఎదుర్కొనడం ఈ చరిత్రలో ఆసక్తికరమైన అంశం.

ఆరి ఆస్టర్ విద్యార్థిగా తీసిన ది స్ట్రేంజ్ థింగ్ అబౌట్ ది జాన్సన్స్ 2011లో అక్కడ ప్రదర్శింపబడింది. సుమారు 29 నిమిషాల ఆ చిత్రంలో కొడుకు తండ్రిపై ఏళ్లతరబడి లైంగిక అత్యాచారం చేస్తాడు. కుటుంబ కథాచిత్రాలకు అలవాటైన మృదువైన వెలుగు, సంగీతం, భోజనపు బల్లల మధ్య అది జరుగుతుంది. రూపం నవ్విస్తుంది, వస్తువు నవ్వనివ్వదు. పీడకుడు తండ్రి, పీడితుడు బిడ్డ అన్న పరిచిత క్రమాన్ని తలకిందులు చేయడం ద్వారా, పీడితుడు నోరు విప్పలేకపోవడానికి వయసు కాక మరేదో కారణమని దర్శకుడు చూపించదలచినట్లు కనబడుతుంది. ఆ ఉద్దేశ్యాన్ని ఒప్పుకొనేవారు చిత్రాన్ని మెచ్చారు.

అదే సంవత్సరం చివరలో ఆ చిత్రం అంతర్జాలంలోకి వచ్చి విస్తారంగా వ్యాపించింది. అప్పుడు వచ్చిన అభ్యంతరాలలో రెండు ముఖ్యమైనవి. ఒకటి, ఇటువంటి బాధను వ్యంగ్యానికి వాడవచ్చునా అన్నది. రెండవది, శ్వేతజాతీయుడైన దర్శకుడు నల్లజాతి కుటుంబాన్నే ఇందుకు ఎందుకు ఎంచుకొన్నాడన్నది. రెండవ అభ్యంతరాన్ని రసవిచారం తేలికగా తోసిపుచ్చలేదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం జరగాలంటే పాత్ర తన వైయక్తిక విశేషాలను విడిచి ఏ మనిషైనా కాగలగాలి. అమెరికా తెరపై నల్లజాతి కుటుంబం వికృతికి, హింసకు గుర్తుగా చాలాకాలం వాడబడినది కనుక, అక్కడి ప్రేక్షకులలో ఒక వర్గానికి ఆ పాత్రలు 'ఏ కుటుంబమైనా' కాలేకపోయాయి. ఆ వర్గం సహృదయత లేనిదని నిందించడం సులువు. కాని సాధారణీకరణానికి వచ్చిన విఘ్నం వారి హృదయంలో కాదు, ఎంచుకొన్న ఆశ్రయంలో ఉంది.

మొదటి అభ్యంతరం విషయంలో సభ అన్న భావన తోడ్పడుతుంది. నాట్యశాస్త్రం 27వ అధ్యాయం సిద్ధి గురించి చెబుతుంది. ప్రేక్షకుల చిరునవ్వు, అతిహాసం, 'సాధు', 'అహో', 'కష్టం' అన్న ఉద్గారాలు ప్రయోగసిద్ధికి చిహ్నాలు. నవ్వు, 'కష్టం' ఒకే జాబితాలో ఉండడం గమనార్హం. ప్రయోక్తల మధ్య వివాదం వస్తే నిర్ణయించడానికి ప్రాశ్నికులుండాలని కూడా ఆ అధ్యాయం విధించింది. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్వేత్త, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. ఎవరికి ఏది తెలుసునో వారు దానిని పరీక్షిస్తారు. రాజు హుందాతనాన్ని, వేశ్య శృంగారోపచారాన్ని చూస్తారు. పోణంగి శ్రీరామ అప్పారావు అనువాదంతో తెలుగు పాఠకులకు అందుబాటులోకి వచ్చిన ఈ భాగం నేటి ఎంపిక సంఘాల చర్చలో ప్రస్తావనకు రాకపోవడం లోటే. భరతుని దృష్టిలో తీర్పు ఒకే రకమైన పండితులది కాదు. చూపబడిన జీవితం తెలిసినవారిది.

ఉత్సవ సభలో జాన్సన్స్ చూచినవారు ఏమి చూడబోతున్నారో కొంతవరకు తెలిసి కూర్చున్నవారు. అంతర్జాలంలో చూచినవారు ఆ ఎరుక లేకుండా, ఒంటరిగా, తరచు ముక్కలుగా చూచారు. చిత్రం మారలేదు, సభ మారింది. దర్శకుడు ఆ రెండవ సభకు తన చిత్రాన్ని నివేదించలేదు. కనుక అతని బాధ్యత పూర్తిగా తీరుతుందని కాదు గాని, ఉత్సవానికి చిత్రాన్ని సమర్పించడమంటే ఒక నిర్దిష్ట సభను కోరుకోవడమని ఈ ఉదంతం తెలియజేస్తుంది. దరఖాస్తులో కోవ పేరు, కథాసారం, హెచ్చరిక వ్రాయడం గుమాస్తా పని వంటిదిగా కనబడుతుంది. నిజానికి అది ప్రేక్షకునితో చేసుకొనే ఒడంబడిక. ఎంపికకు అవకాశాలు పెరుగుతాయని ఘోర చిత్రాన్ని హాస్యమనీ, హాస్యాన్ని ఘోరమనీ నమోదు చేసే దర్శకుడు, ఆ ప్రేక్షకుడు ఇవ్వని అంగీకారాన్ని దొంగిలిస్తున్నాడు.

రెండు అలజడులు

ఇదే ఉత్సవంలో 2007లో జరిగిన మరొక సంఘటన చలనచిత్రానికి కాక వీడియో క్రీడకు సంబంధించినది. అయినా ప్రశ్న అదే కనుక ఇక్కడ తప్పించలేనిది. 1999లో కొలరాడోలోని కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపి 12 మంది విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుని చంపారు. ఆ సంఘటన ఆధారంగా డానీ లెడాన్ 2005లో సూపర్ కొలంబైన్ మాసకర్ ఆర్‌పీజీ అనే క్రీడను రూపొందించాడు. పాతకాలపు పిల్లల క్రీడల బొమ్మల శైలిలో ఆడేవాడు హంతకుల పాత్ర ధరిస్తాడు. రెండవ సగం నరకంలో జరుగుతుంది. స్లామ్‌డాన్స్ క్రీడల పోటీలో అది తుది జాబితాకు ఎంపికైంది. తరువాత నిర్వాహకులు దానిని తొలగించారు. నిరసనగా తోటి పోటీదారులు పలువురు తమ రచనలను ఉపసంహరించుకొన్నారు. ప్రాయోజక విశ్వవిద్యాలయం కూడా తప్పుకొంది.

నాట్యశాస్త్రం ఆది, అంతాలలో ఇటువంటి అలజడులు రెండున్నాయి. మొదటి అధ్యాయంలో దేవతలు దైత్యులను జయించిన కథ ప్రయోగమవుతుండగా విరూపాక్షుడు, విఘ్నులు కోపించి నటులను స్తంభింపజేస్తారు. తమను కించపరచడానికే నాట్యం పుట్టిందని వారి ఆరోపణ. బ్రహ్మ వారికి సమాధానం చెబుతాడు. ఇది మీ ఒక్కరిదో దేవతలదో కథ కాదు, ముల్లోకాల భావాల అనుకీర్తనం అని. చివరి అధ్యాయంలో భరతపుత్రులు విద్యామదంతో ఋషులను పరిహసించే గ్రామ్యమైన ప్రహసనాన్ని సభలో ప్రదర్శిస్తారు. ఋషులు శపిస్తారు. అక్కడ బ్రహ్మ వచ్చి అనుకీర్తనమని సమర్థించడు. దేవతలు వేడుకొన్నా శాపం పూర్తిగా తొలగదు. రెండు సందర్భాలలోనూ నొచ్చుకున్నవారు ప్రేక్షకులే. మొదటిదానిలో నాట్యం పక్షాన, రెండవదానిలో నొచ్చుకున్నవారి పక్షాన శాస్త్రం నిలవడానికి కారణమేమిటి? ఋషులు శక్తిమంతులు, విఘ్నులు ఓడినవారు అన్నది ఒక సమాధానం. దానిని కాదనడం కష్టం, శాపఫలంగా నటులు శూద్రత్వం పొందారన్న మాటలో వర్ణవ్యవస్థ తనను తాను సమర్థించుకొనడం కూడా స్పష్టమే. అయినా మరొక భేదం మిగులుతుంది. మొదటిది భావాన్ని అనుకరించింది. రెండవది ఎదుటనున్న నిర్దిష్ట వ్యక్తులను వేలెత్తి చూపింది.

కొలంబైన్ క్రీడ మొదటి అలజడికి చెందినదా, రెండవదానికా? దాని రూపకర్త ఉద్దేశ్యం హంతకులను పొగడడం కాదు. హింసకు క్రీడలే కారణమన్న ప్రచారాన్ని ప్రశ్నించడం అందులో భాగం. కాని చనిపోయినవారు కల్పితులు కారు. తల్లిదండ్రులు అప్పటికి బతికే ఉన్నారు. స్విఫ్ట్ 1729లో ఐర్లండు పేదల పిల్లలను ఆహారంగా అమ్మవచ్చునని ప్రతిపాదించిన వ్యంగ్య రచనలో ఏ పిల్లకు పేరు లేదు. ఆ పేరులేమి వలననే ప్రతి పాఠకుడు దానిలో తన పిల్లను చూడగలిగాడు. నిజమైన మృతులు వస్తువైనచోట సాధారణీకరణం జరగాలంటే వారి పేర్లు మరుగున పడాలి. అవి మరుగున పడకూడదన్నదే వారి ఆత్మీయుల కోరిక. ఈ రెండింటికీ సమాధానం కుదర్చడం ఏ శిల్పానికైనా కష్టసాధ్యం. ఎంపికకు ముందు తిరస్కరించి ఉంటే అది నిర్వాహకుల వివేచన అయ్యేది. ఎంపికైన తరువాత తొలగించడం ప్రాశ్నికుల తీర్పును కొట్టివేయడం, ఆ విషయంలో తోటి పోటీదారుల నిరసన న్యాయమైనది. అయితే ఆ నిరసన నిర్వాహకులకు సమాధానమే గాని మృతుల తల్లిదండ్రులకు కాదు. ఆనాటి చర్చలో ఈ రెండూ కలిసిపోయాయి.

తెలుగు నేలపై దయ్యం

తెలుగు యువ దర్శకులు తీసే భయానక హాస్య లఘుచిత్రాలకు ఈ ప్రశ్న దూరమైనది కాదు. చేతబడి, బాణామతి వాటికి సులువుగా దొరికే వస్తువులు. నిమ్మకాయలు, పసుపు కుంకుమలు, రాత్రి ముగ్గు, ఊరి చివరి ఇల్లు చాలు, దృశ్యం సిద్ధం. కాని తెలంగాణ, ఆంధ్ర పల్లెలలో ఆ అనుమానంతోనే మనుషులను కొట్టి చంపిన సంఘటనలు ఉన్నాయి. బలైనవారిలో వృద్ధులు, ఒంటరివారు, ఊరికి వెలిగా బతికే పేదలు ఉన్నారు. పార్క్ సిటీలోని ప్రేక్షకునికి మంత్రగత్తె ఒక కథావస్తువు. మెదక్ పల్లెలో ఆ మాట ఒక మనిషికి మరణశాసనం కాగలదు. కాబట్టి అదే చిత్రం ఒక సభలో నిర్దోషంగా, మరొక సభలో దోషయుక్తంగా ఉండగలదు. ఈ మాట విచారణను సులువు చేయదు, మరింత చిక్కుపరుస్తుంది.

ఆ వస్తువును విడిచిపెట్టాలని దీని అర్థం కాదు. కీచకవధ, కన్యాశుల్కం చూపిన రెండు దారులూ ఇక్కడ తెరచే ఉన్నాయి. ఊరంతా భయపడే ముసలమ్మలో కాక, కర్రలు పట్టుకొని ఆమె వాకిట నిలిచినవారిలో భయాన్ని నాటిన చిత్రం, వారు ఒకరి నీడను చూచి ఒకరు ఉలికిపడే తీరుకు నవ్వించిన చిత్రం, ఆ వస్తువును వాడుకుంటూనే ఆశ్రయాన్ని మారుస్తుంది. అప్పుడు నవ్వే ప్రేక్షకుడు తాను ఆ గుంపులో ఎక్కడ నిలబడి ఉండేవాడో తెలుసుకొనవలసి వస్తుంది. ముసలమ్మ ముడతల ముఖాన్ని చీకట్లో దగ్గరగా చూపి ఉలికిపాటు రాబట్టి, మరు దృశ్యంలో ఆమె బోసినోటికి నవ్వించే చిత్రం సాంకేతికంగా ఎంత నేర్పుగా ఉన్నా, భరతుడు వేసిన పాత వరుసలోనే నడుస్తుంది.

అటువంటి చిత్రాన్ని పరీక్షించే సంఘంలో ఛాయాగ్రాహకుడు, కూర్పరి, విమర్శకుడు ఉంటారు. ప్రాశ్నికుల జాబితా ప్రకారమైతే చూపబడిన జీవితాన్ని ఎరిగినవారు కూడా ఉండాలి. చేతబడి నింద మోసిన కుటుంబానికి చెందిన ఒకరు ఆ బల్ల దగ్గర కూర్చుంటే, సాంకేతిక విలువలకు మార్కులు వేసే పత్రంలో ఆమె అభిప్రాయాన్ని ఏ గడిలో వ్రాయాలో ఇప్పటి ఉత్సవ నియమావళులు చెప్పవు.